బల్ల కింద బొయారు

ప్రోఖర్‌ను పట్టపగలు, పదిమంది మధ్యలో చంపారు.

యారోస్లావ్ల్ రోడ్డు మీద, మాస్కోకి చివరి మజిలీలో, గుర్రాలు మార్చుకునే సత్రం అది. పెరడంతా మంచుబళ్ళు, గుర్రాల ముక్కుల్లోంచి ఆవిరి, బండివాళ్ళ బూతులు. ప్రోఖర్ కూడా బండివాడి వేషంలోనే ఉన్నాడు. మంట పక్కన నిలబడి క్యాబేజీ సూప్ తాగుతున్నాడు. ఎవరో పక్కనుంచి రాసుకుంటూ వెళ్ళారు. గిన్నె చేతిలోనే ఉంది, మనిషి మాత్రం మెల్లగా మోకాళ్ళ మీదికి జారిపోయాడు.

పెరటికి అవతల వేడి తేనె పానకం అమ్ముతున్న మనిషి కూజా వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. అతని పేరు నిఫోంత్ ర్యాబోవ్. క్రెమ్లిన్‌లో జార్ చక్రవర్తి సొంతంగా నడిపించే రహస్య కచేరీలో ఏజెంటు. చచ్చిపోతున్నవాడు అతని సహోద్యోగి, స్నేహితుడు కూడా. గొర్రెతోలు కోటుకి వెనక, పక్కటెముకల మధ్య, దబ్బనమంత ఉక్కు ముక్క దిగి ఉంది.

"ఎవడ్రా? ఎవడు చేశాడు?"

"సైబీరియా నించి వచ్చిన గవర్నరు..." ప్రోఖర్ పెదాలు నీలంగా ఉన్నాయి. "అసలు మనిషి కాదు. అసలాయన్ని దార్లోనే నది మంచు కింద తోసేశారు. స్వీడన్ వాళ్ళ పని. వెన్నపండుగ విందులో... జార్ చేత్తో గిన్నె అందుకునేటప్పుడు..."

"ఏ గవర్నరు? పేరు చెప్పు!"

ప్రోఖర్ చెప్పలేదు. ఇక ఎవరికీ ఏమీ చెప్పే స్థితిలో లేడు. నిఫోంత్ తలెత్తి చూశాడు. పెరట్లో రెండు పెద్ద బళ్ళ వరసలు ఆగి ఉన్నాయి. రెండూ సైబీరియా నుంచి వచ్చినవే. ఒక్కో వరస ముందు ఒక్కో బొయారు దొర, కళ్ళ దాకా గడ్డంతో, కాలి మడమల దాకా ఉన్ని కోటుతో, ఎవరు చచ్చారో తెలుసుకుందామని కూడా తల తిప్పకుండా కూర్చుని ఉన్నారు.

*

రహస్య కచేరీ అధికారి అవ్రామ్ నికితిచ్ సుఖోతిన్‌కు ఎవరి మీదా నమ్మకం లేదు. ఆయన ఉద్యోగం అదే. దేవదారు గింజలు కొరుకుతూ మాట్లాడతాడు, పెంకులు జేబులోనే వేసుకుంటాడు. ఎందుకంటే పెంకుల్ని బట్టి ఎంతసేపు మాట్లాడారో పక్క గదివాడు కనిపెట్టేస్తాడట.

"తలుపు అవతల ఎవరైనా ఉన్నారేమో చూడు" అన్నాడు.

"ఇందాక చూశానండీ."

"ఇందాక లేనివాడు ఇప్పుడు ఉండకూడదని రూలుందా?"

నిఫోంత్ తలుపు తీసి చూసి, మూసి వచ్చాడు.

"ఇద్దరు గవర్నర్లు" అన్నాడు సుఖోతిన్. "ఒకడు స్పిరిదోన్ తులూపిన్. ఇంకొకడు మెర్కూరి హోల్మొవ్‌స్కీ. ఇద్దరూ కుర్రతనంలోనే సైబీరియా వెళ్ళిపోయారు. ఇద్దరి ఇంట్లోవాళ్ళూ ప్లేగులో పోయారు. వీళ్ళని గుర్తుపట్టే ప్రాణి మాస్కోలో ఒక్కటి లేదు. రాగానే ఏదో వంకతో పిలిచి పాత సంగతులన్నీ అడిగించాను. ఇద్దరూ గడగడా చెప్పారు. అసలాయన్ని చంపేముందు గోళ్ళు పీకి మరీ అడిగుంటారు కదా, చెప్పకేం చేస్తారు."

"ఇద్దర్నీ పట్టేసి లోపలేస్తే?"

"బొయారుల్ని? వాళ్ళలో ఒకడు అసలైనవాడు. అసలైనవాడి మీద చెయ్యేస్తే రేపు సభలో ఉన్న గడ్డాలన్నీ ఒక్కటైపోతాయి. ఏళ్ళ తరబడి జార్‌గారు ఒక్కొక్కడి చేతిలోంచి ఒక్కో పగ్గం లాక్కుంటూ వస్తున్నారు. మొన్నటికి మొన్న యుద్ధంలో ఏమైంది? ఒక సేనాపతి తాత ఇంకో సేనాపతి తాత కింద పనిచేశాడట, కాబట్టి వీడి వెనక నేను నడవనని ఆ రెండోవాడు కూర్చున్నాడు. ఈలోగా స్వీడన్ వాడొచ్చి కోట పట్టుకుపోయాడు. ఇదంతా పోవాలని, చోటు ఇచ్చేది తాతలు కాదు, తానొక్కడే అవ్వాలని జార్‌గారి పట్టుదల. ఇప్పుడాయన పోతే ఈ గడ్డాలు మళ్ళీ దేశాన్ని ముక్కలు చేసుకుని పంచుకుంటాయి. స్వీడన్‌కి కావాల్సింది కూడా అదే."

"పోనీ విందుకి వచ్చేటప్పుడు సోదా చేస్తే?"

"జార్ బల్ల దగ్గరికొచ్చే బొయారుని సోదా చేస్తావా? చెయ్యి. వాడు ఆ పూటకి వట్టి చేతుల్తో వస్తాడు. ఇంకో పూట నిండు చేతుల్తో వస్తాడు."

నిఫోంత్ వీపు దురద పెట్టింది. మాస్కోలో ఎవరైనా "రాజద్రోహం!" అని అరిస్తే, ముందు అరిచినవాణ్ణే చేతులు వెనక్కి విరిచి దూలానికి వేలాడదీస్తారు. కొరడా కింద కూడా అదే మాట చెబితే అప్పుడు నిజమని నమ్ముతారు. కిందటేడు నిఫోంత్ ఒకసారి అరిచాడు. అరిచింది నిజమే, జార్‌గారు మెచ్చుకున్నారు కూడా. వీపు మాత్రం మెచ్చుకోలేదు. రెండోసారి వేలాడితే భుజాలు ఉండవని వైద్యం చేసిన ముసలమ్మ ముందే చెప్పింది.

"ఎవరో తేల్చు" అన్నాడు సుఖోతిన్. "తప్పు మనిషిని చూపిస్తే నిన్ను నేనెరగను."

"ఒప్పు మనిషిని చూపిస్తే?"

"అప్పుడు చూద్దాం, ఎరుగుదునో లేదో."

*

మాస్కో శివార్లలో విదేశీయులుండే జర్మన్ పేటలో గడియారాల కొట్టు ఒకటుంది. యజమానురాలు కర్నేలియా, డచ్చి విధవ. మాస్కో ఆడవాళ్ళు మేడ మీద గదుల్లోంచి బయటికే రాని ఆ రోజుల్లో, ఈమె మెడ కనిపించే గౌను వేసుకుని, మంచుబండిని తానే తోలుకుంటూ బజారుకి వెళ్ళేది. ఆమె వెళ్ళిన దారిలో పూజారులు కళ్ళు మూసుకునేవాళ్ళు, కాకపోతే కొంచెం ఆలస్యంగా. స్వీడన్ వాళ్ళకి మాస్కో కబుర్లు అమ్మేది. మాస్కో రహస్య కచేరీకి స్వీడన్ కబుర్లు అమ్మేది. రెండు వైపులా ఈ సంగతి తెలుసు. రెండు వైపులా ఆమె తమ మనిషేనని అనుకునేవాళ్ళు.

"మా గడియారం వెనక్కి నడుస్తోంది మేడమ్" అన్నాడు నిఫోంత్. అది కోడు.

"గోడకి తలకిందులుగా వేలాడదీయండి" అంది కర్నేలియా. అది జవాబు. తరువాత గొళ్ళెం పెట్టింది. "ఏం నిఫోంత్‌గారూ, మీ ఒంటికి పానకం వాసన వదల్లేదే. ప్రోఖర్ సంగతి విన్నాను. మంచివాడు."

"ఎవరు చెప్పారు మీకు?"

"అబ్బ, ఆ కళ్ళేంటండీ! నేను పొడిచొచ్చినట్టు చూస్తారు."

"పొడవలేదంటారా?"

"నా గౌను చూడండి. ఇది వేసుకుని ఎవరైనా సత్రాల్లో తిరుగుతారా?" ఆమె నవ్వి, గాజు గ్లాసులో రైన్ వైను పోసి ఇచ్చింది. నిఫోంత్ తాగలేదు. ఆమె కూడా తాగమని బలవంతం చెయ్యలేదు. ఒకరి సంగతి ఒకరికి బాగా తెలుసు.

"వస్తువు నా కొట్టులోంచే పోయింది" అంది చివరికి. "అరచేతిలో పట్టే పిస్తోలు. ఒత్తి లేదు, నిప్పు పెట్టక్కర్లేదు. గడియారానికి ఇచ్చినట్టు తాళంచెవితో కీ ఇస్తే లోపల ఉక్కు చక్రం బిగుసుకుంటుంది. మీట నొక్కితే చక్రం గిర్రున తిరిగి రాయికి రాసుకుంటుంది, నిప్పురవ్వలు లేస్తాయి, పేలుతుంది. మీ దొరల చొక్కా చేతులు మోకాళ్ళ దాకా వేలాడతాయి చూడండి, అందులో పిల్లి పిల్లని పెట్టినా తెలీదు."

"ఎవరికి ఇచ్చారు?"

ఆమె మెడలో ముత్యాన్ని వేలితో తిప్పుతూ అతని కళ్ళలోకి చూసింది. "తులూపిన్‌కి. స్పిరిదోన్ తులూపిన్."

నిఫోంత్ బయటికొచ్చి మంచులో నిలబడ్డాడు. ఆమె చెప్పేదాంట్లో సగం ఎప్పుడూ నిజమే. ఏ సగమో తెలుసుకోవడంలోనే మనుషులు చస్తారు. తులూపిన్ అంది కాబట్టి హోల్మొవ్‌స్కీ అయి ఉండాలి. కానీ నేనలా అనుకుంటానని ఆమెకి తెలుసు, కాబట్టి తులూపినే అయి ఉండాలి. నేను ఇంత దూరం ఆలోచిస్తానని కూడా తెలుసు కదా మరి! ఆ లెక్కన ఆలోచిస్తే మనిషికి పిచ్చెక్కుతుంది. అతను ఆలోచించడం మానేసి నడవడం మొదలుపెట్టాడు.

కొంత దూరం పోయాక రోడ్డు మీద గొడవ కనిపించింది. రెండు మంచుబళ్ళు ఎదురుపడ్డాయి. రెండింట్లోనూ ముసలి దొరలు. ఎవరి బండి పక్కకి తప్పుకోవాలన్నది తగువు. "నీ తాత మా తాత గుర్రం కళ్ళెం పట్టుకున్నాడ్రా!" అని ఒకాయన. "పట్టుకోలేదు, పక్కన నిలబడ్డాడంతే!" అని రెండో ఆయన. చలికి ఇద్దరి గడ్డాలూ బిగుసుకుపోయి కర్రల్లా అయ్యాయి. గుర్రాలు వణుకుతున్నాయి. ఇద్దరిలో ఒక్కరూ అంగుళం కదల్లేదు.

నిఫోంత్ వాళ్ళని చాలాసేపు చూశాడు. తరువాత తిన్నగా కచేరీకి పరిగెత్తాడు.

*

"కింది చోటు ఇద్దామండీ" అన్నాడు. "ఇద్దరికీ. విందులో తమకన్నా తక్కువ వంశంవాడి కింద కూర్చోబెడదాం."

సుఖోతిన్ నోట్లో గింజ నోట్లోనే ఉండిపోయింది. జార్ బల్ల దగ్గర బొయారులు వరసగా కూర్చుంటారు. సింహాసనానికి ఎంత దగ్గరైతే అంత గొప్ప. ఎవరి తాత ఎవరి తాతకి పైవాడో దాన్ని బట్టి చోటు. జార్‌కి అర్జీ పెట్టుకునేటప్పుడు "నీ బానిస స్పిర్కా" అని తన పేరు తానే కుక్కపిల్ల పేరులా కుదించి చెప్పుకునే దొర, బల్ల దగ్గర ఒక్క చోటు కిందికి జరగమంటే మాత్రం తల నరికినా జరగడు. జరిగాడంటే వాడి కొడుకులూ మనవలూ కలకాలం అక్కడే కూర్చోవాలి.

"బొయారుని కావాలని అవమానించడమంటే ఏంటో తెలుసా నీకు?" అన్నాడు సుఖోతిన్. "తగువులో ఓడినవాణ్ణి ఏం చేస్తారో తెలుసా? నడిపించి తీసుకెళ్ళి గెలిచినవాడి గుమ్మం ముందు టోపీ తీయించి నిలబెట్టి అప్పగిస్తారు. ఆ తరవాత ఆ ఇంటాయన దయ."

"అసలు బొయారు అయితే చచ్చినా కూర్చోడండీ. వేషం వేసినవాడికి కావలసింది చోటు కాదు, జార్‌గారు దగ్గరికి పిలిచి తన చేత్తో ఇచ్చే పానీయం గిన్నె. వాడు కూర్చుంటాడు."

సుఖోతిన్ గింజ నమిలాడు. నమిలి మింగాడు. పెంకు జేబులో వేసుకున్నాడు.

"నేను ఆ పక్కనే ఉంటాను. 'అట్లు చల్లారాయి' అని నేనంటే కాపలావాళ్ళు పట్టుకుంటారు. చోట్లు చదివేది మాత్రం నువ్వే. నా పేరు ఎక్కడా రాకూడదు."

*

వెన్నపండుగ ఆఖరి రోజు. రేపటి నుంచి పెద్ద ఉపవాసాలు. అందుకే ఈ పూట మాస్కో మొత్తం పొట్ట పగిలేలా తింటుంది. క్రెమ్లిన్‌లోని గ్రనోవితాయ మహల్లో మధ్యాహ్నానికే బల్లలు నిండాయి: వెన్న కారుతున్న అట్లు, చేప గుడ్లు, నిలువెత్తు స్టర్జన్ చేపలు, తేనె సారా. వడ్డించేవాళ్ళందరికీ జరీ కోట్లు. అవి వాళ్ళవి కావు, ఖజానా నుంచి ఒక్క పూటకి ఎరువిచ్చినవి. మరక పడితే వీపు చిట్లుతుంది. నిఫోంత్ కూడా అలాంటి కోటులోనే ఉన్నాడు. చివర ఎత్తయిన సింహాసనం మీద జార్ కూర్చున్నారు. అక్కడికి నేరుగా చూసే ధైర్యం ఎవరికీ లేదు.

నిఫోంత్ చోట్లు పిలిచాడు.

"స్పిరిదోన్ తులూపిన్. ఫెదూల్ నెస్తెరోవ్ గారి కింద!"

తులూపిన్ మొహం బీట్‌రూట్ సూప్ రంగుకి తిరిగింది.

"ఎవడి కిందా? ఫెదూల్ కిందా! వీడి తాత మా తాత దగ్గర బూట్లు విప్పేవాడు! ఒరేయ్ జరీ కోటోడా, కళ్ళు దొబ్బాయా నీకు? మా నాన్న సమాధిలో లేచి కూర్చుంటాడ్రా!"

"మీ నాన్న ఎక్కడ కూర్చున్నా మీ చోటు మాత్రం అదేనండీ" అన్నాడు నిఫోంత్.

తులూపిన్ నేల మీద చతికిలబడ్డాడు. ఆ గోలలోనే రెండో పిలుపు వెళ్ళింది. "మెర్కూరి హోల్మొవ్‌స్కీ. సావా పెరెపెచిన్ గారి కింద!"

నిఫోంత్ కళ్ళన్నీ హోల్మొవ్‌స్కీ మీదే ఉన్నాయి. కూర్చో, కూర్చో అని మనసులో అనుకుంటున్నాడు. హోల్మొవ్‌స్కీ కూర్చోలేదు. టోపీ నేలకేసి కొట్టాడు. కాలరు చింపుకున్నాడు. ఏడు తరాల తాతల పేర్లు, ఎవరు ఏ కోటని ఏలారో, ఎవరి కింద ఎవరు ఏ యుద్ధంలో నడిచారో గడగడా చదివాడు. చివర్లో గొంతు జీరపోయి కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాడు. చుట్టూ ఉన్న ముసలి బొయారులు ముచ్చటపడి తలలూపారు.

ఎవరో వీడికి తర్ఫీదిచ్చారు, అనుకున్నాడు నిఫోంత్. లేదా వీడు అసలైనవాడే. అప్పుడు నేల మీద కూర్చున్న తులూపిన్ ఎవరు?

సింహాసనం వైపు నుంచి ఒక అధికారి వచ్చి, ఇద్దరికీ వినపడేలా అన్నాడు. "ఇది జార్‌గారి ఆజ్ఞ. చూపించిన చోట కూర్చోండి. కూర్చోనివాడు బయటికి పోవచ్చు. వాడికి గిన్నె లేదు."

తులూపిన్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నా తల నరికించండి మహాప్రభూ! తల మీది. చోటు మాత్రం మా తాతది!" అంటూ బల్ల కిందికి జారిపోయాడు. ఇద్దరు మనుషులు చంకల కింద చేతులు వేసి లేపి బెంచీ మీద పెట్టారు. ఎముకల్లేనివాడిలా మళ్ళీ జారాడు. మళ్ళీ లేపారు. ఈసారి వెళ్ళి బల్ల కాలుని రెండు చేతులతో కౌగిలించుకున్నాడు. గడ్డంలో అట్టు ముక్క వేలాడుతోంది.

హోల్మొవ్‌స్కీ మోకాళ్ళ మీద పడ్డాడు. నుదురు నేలకి ఆనించాడు. "మా తాతలు మట్టి. మీ మాట దేవుడి మాట. ఈ బానిస మీరు కూర్చోమన్న చోట కూర్చుంటాడు" అన్నాడు. లేచి, కన్నీళ్ళు తుడుచుకుని, పెరెపెచిన్ కింద కూర్చున్నాడు.

అలాంటి మాట ఆ గోడలు ఎన్నడూ వినలేదు. సింహాసనం దగ్గర చిన్న కదలిక. జార్‌గారు సంతోషించారు! ఇన్నేళ్ళుగా ఏ విధేయత కోసం వేచి చూశారో అది కళ్ళ ముందు కూర్చుంది. ఆయన చేతిమీదుగా రొట్టె వెళ్ళింది హోల్మొవ్‌స్కీకి. వెంటనే ఇంకో ఆజ్ఞ: మొదటి గిన్నె ఈ పూట ఇతనికే, స్వయంగా తన చేతులతో.

సుఖోతిన్ నిఫోంత్ పక్కకి వచ్చి నిలబడ్డాడు. పెదాలు కదలకుండా అన్నాడు. "చూశావుగా, జార్‌గారే మెచ్చుకున్నారు. సేవకుడంటే వాడు. ఆ బల్ల కింద ఉన్నవాడు నాటకం మరీ శ్రుతిమించి ఆడుతున్నాడు. కర్నేలియా చెప్పింది నిజమే."

"కాదండీ, ఆగండి..."

"అట్లు చల్లారాయి!" అన్నాడు సుఖోతిన్ గట్టిగా.

కాపలావాళ్ళు తులూపిన్ మీద పడ్డారు. ఆయన బల్ల కాలు వదల్లేదు. కాలుతో పాటు బల్ల, బల్లతో పాటు స్టర్జన్ చేప కదిలాయి. "చోటు ఇవ్వండి, తరవాత చంపుకోండి!" అని కింద నుంచి కేక. హాల్లో ఉన్న కళ్ళన్నీ అటే తిరిగాయి.

నిఫోంత్ ఒక్కడే ఇటు చూస్తున్నాడు. హోల్మొవ్‌స్కీ లేచాడు. తలవంచుకుని సింహాసనం వైపు నడుస్తున్నాడు. కుడి చొక్కా చెయ్యి మోకాలి దాకా వేలాడుతోంది. వీడే. కూర్చున్నాడు కాబట్టి వీడే. కానీ ఉత్త పిరికివాడేమో? భయపడి కూర్చున్న అసలైన బొయారేమో? "రాజద్రోహం" అని అరిస్తే ముందు దూలం, కొరడా. భుజాలు ఉండవు. అరవకపోతే జార్ ఉండరు, ప్రోఖర్ చావు వృథా అవుతుంది. నిఫోంత్‌కి భయమేసింది.

పక్కన వడ్డించేవాడి చేతిలో పెద్ద జాడీ ఉంది, నిండా పులిసిన రొట్టె పానీయం. నిఫోంత్ దాన్ని లాక్కున్నాడు.

హోల్మొవ్‌స్కీ మెట్టు దగ్గరికి చేరాడు. ఎత్తులోంచి ఒక చెయ్యి గిన్నె పట్టుకుని కిందికి వస్తోంది. వేలాడుతున్న చొక్కా చెయ్యి మెల్లగా పైకి లేచింది, గిన్నె అందుకోవడానికి లేవాల్సిన దానికన్నా కొంచెం ఎక్కువ పైకి.

నిఫోంత్ తన కాలు తనే తన్నుకుని పడ్డాడు. జాడీ మొత్తం ఆ చొక్కా చేతి మీద గుమ్మరించాడు.

*గిర్‌ర్‌ర్.*

ఆ చప్పుడు అందరికీ వినిపించింది. తడిసిన బట్టలో ఉక్కు చక్రం తిరిగిన చప్పుడు. ఒక్క నిప్పురవ్వ బయటికి ఎగిరింది, ఆరిపోయింది. తడిసిన మందు పేలలేదు. చొక్కా చేతి చివర నుంచి పానీయం బొట్లు బొట్లుగా కారింది, దాని వెనకే ఇనప గొట్టం ముక్కు బయటికి వచ్చింది.

"ఇక్కడండీ!" నేల మీద నుంచే అరిచాడు నిఫోంత్. "అట్లు ఇక్కడ చల్లారాయి!"

హోల్మొవ్‌స్కీ అని చెప్పుకున్నవాడు ఆ తరువాత నోరు తెరిచి స్వీడిష్ భాషలో ఒకే ఒక్క తిట్టు తిట్టాడు. దాన్ని అనువదించమని ఎవరూ అడగలేదు.

*

"తులూపిన్ అన్నారు మీరు" అన్నాడు నిఫోంత్.

కర్నేలియా గడియారానికి నూనె వేస్తోంది.

"అన్నాను. మీరు నా మాట ఎప్పుడైనా నమ్మారా? నమ్మరని తెలిసే ఉల్టా చెప్పాను. మీకు సాయం చేసింది నేను కాదూ?"

"తాతల పేర్లన్నీ నేర్పించింది కూడా మీరేనా?"

"అయ్యో, ఎంత మాట! నాకు మా తాత పేరే గుర్తులేదు."

నిఫోంత్ ఆమె మొహం వెతికాడు. ఏమీ దొరకలేదు. పట్టుకుందామంటే సాక్ష్యం లేదు. సుఖోతిన్‌కి చెబితే, "ఉండనీ, పనికొస్తుంది" అన్నాడు. ఆమె పోసిన వైను ఈసారి కూడా నిఫోంత్ తాగలేదు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తే, ఆమె ఆ గ్లాసుని కిటికీలోంచి మంచులోకి ఒంపుతోంది. ఎందుకు ఒంపిందో అడగలేదు అతను. అడిగినా ఆమె జవాబులో సగమే నిజం ఉంటుంది.

*

జార్ ప్రాణం కాపాడినందుకు నిఫోంత్‌కి బహుమతి రాలేదు. కొంతకాలానికి స్పిరిదోన్ తులూపిన్ ఫిర్యాదు వచ్చింది.

తనని ఫెదూల్ కింద కూర్చోమని పిలిచినవాడు ఎవడు? కావాలనే పిలిచాడట కదా? తన వంశం పరువు ఎవడు తిరిగి ఇస్తాడు? సుఖోతిన్‌ని అడిగితే, ముందే చెప్పినట్టు ఆయనకేమీ తెలియదు. జార్‌గారు నవ్వి, చట్టం చట్టమే అన్నారట. దేశంలో చోటు ఇచ్చేదీ తీసేదీ తానే అయినప్పుడు, ఏజెంటు తల కూడా తన సొత్తే. దాన్ని ఎవరికైనా ఇవ్వగలరు.

అలా ఒక ఉపవాసాల రోజున ఇద్దరు కాపలావాళ్ళు నిఫోంత్‌ని నడిపించుకెళ్ళి, తులూపిన్ ఇంటి గుమ్మం ముందు మంచులో, టోపీ లేకుండా నిలబెట్టి అప్పగించారు. తలుపు చాలాసేపు తెరుచుకోలేదు. నిఫోంత్ చెవులు మొద్దుబారాయి. ప్రోఖర్ గుర్తొచ్చాడు. వాడుంటే ఈ దృశ్యం చూసి పడీ పడీ నవ్వేవాడు అనుకున్నాడు. మొదటిసారి వాడి కోసం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తులూపిన్ బయటికొచ్చి మెట్టు మీద నిలబడ్డాడు. చేతిలో కర్ర ఉంది.

"నువ్వేనా ఆ జరీ కోటోడివి?"

"నేనేనండీ."

"నన్ను ఫెదూల్ గాడి కింద పిలిచావు."

"పిలిచానండీ."

"నేను స్వీడన్ వాడినేమో అనుకున్నావా?"

"అనుకున్నానండీ. మీరు బల్ల కిందికి జారేదాకా."

కర్ర సగం పైకి లేచింది, అక్కడే ఆగింది. దొర మొహంలో కోపమూ గర్వమూ పెనుగులాడుకున్నాయి.

"జారకేం చేస్తాను? ఫెదూల్ కింద కూర్చుంటానా?"

"కూర్చోరండీ. అందుకే మీ తల మీ భుజాల మీద ఉంది."

"జార్‌గారి తల కూడా!" అన్నాడు తులూపిన్, ఆ ఆలోచన అప్పుడే తట్టినట్టు. కాసేపు గడ్డం నిమురుకున్నాడు. తరువాత కర్ర గోడకి ఆనించాడు. "లోపలికి రా. చలికి చస్తావు. ఇవాళ పుట్టగొడుగుల సూపూ ముల్లంగీ తప్ప ఏమీ లేవు. ఉపవాసం."

లోపల పొడవాటి బల్ల. పై చివర దొర కూర్చున్నాడు. ఇంటి మనుషులంతా వరసగా కూర్చున్నారు. నిఫోంత్ ఇన్ని గొడవల తరువాత ఎవరి జోలికీ పోదల్చుకోలేదు. అందరికన్నా చివర, తలుపు పక్కన, గాలి కొట్టే మూల ఖాళీగా ఉంటే వెళ్ళి అక్కడ కూర్చున్నాడు. స్పూను చేతిలోకి తీసుకున్నాడు.

ఎవరో భుజం మీద తట్టారు. పేడ అంటిన బూట్లతో గుర్రాలశాల మనిషి నిలబడి ఉన్నాడు. మొహం అప్పటికే బీట్‌రూట్ సూప్ రంగులో ఉంది.

"లే అక్కణ్ణించి" అన్నాడు. "అది మా తాత చోటు."

నిఫోంత్ అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఈ ఇంట్లో ఈ ఒక్కడు మాత్రం కచ్చితంగా గూఢచారి కాదు.